ఫ్రూట్ స్కోన్లు రాళ్లలా వస్తున్నాయి, అస్సలు పొంగట్లేదు. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

ఉదయపు టీ:

అందరికీ నమస్తే. కేకులు, బిస్కెట్లు నాకు బాగానే వస్తాయి, టీతో తినే చిన్న గుండ్రటి రొట్టెల్లాంటి ఈ స్కోన్ల దగ్గరకి వచ్చేసరికి మాత్రం చేతులెత్తేసే పరిస్థితి. ఇప్పటికి నాలుగు సార్లు చేశాను, నాలుగు సార్లూ అదే తంతు. పైకి లేవకుండా పక్కలకి పరుచుకుంటున్నాయి, ఒకటిన్నర సెంటీమీటరు ఎత్తు కూడా ఉండట్లేదు, పైన పాలిపోయినట్టు తెల్లగా, అడుగున గట్టిగా. వేడి మీద ఎలాగో తినొచ్చు గానీ గంట గడిచాక కొరకాలంటే పళ్లు నొప్పి పుడుతున్నాయి. పైకి తేలిన ఎండుద్రాక్షలైతే నల్లగా మాడి చేదెక్కుతున్నాయి.

నేను చేసే పద్ధతి మొత్తం రాస్తున్నాను, ఎక్కడ పొరపాటు కనిపిస్తే అక్కడ మొహమాటం లేకుండా చెప్పండి. మైదా 2 కప్పులు, బేకింగ్ పౌడర్ 2 చెంచాలు, చిటికెడు ఉప్పు, పంచదార 40 గ్రాములు. వెన్న 60 గ్రాములు, కేకుకి తీసినట్టే గంట ముందు ఫ్రిజ్‌లోంచి బయట పెట్టి, మెత్తబడ్డాక పిండిలో కలుపుతాను. తర్వాత ఒక గుడ్డు, 100 మి.లీ. పాలు. ఇక్కడే నాకు ఇబ్బంది వస్తోంది. పిండి వేళ్లకి బంకలా అంటుకుంటుంది, అందుకని ఇంకో గుప్పెడు మైదా చల్లి నున్నగా అయ్యేదాకా ఐదారు నిమిషాలు పిసుకుతాను. ఎండుద్రాక్ష, ఎండు క్రాన్‌బెర్రీ కలిపి 100 గ్రాములు, డబ్బాలోంచి తీసి అలాగే వేసేస్తాను. కర్రతో ఒత్తి, గ్లాసు అంచుతో గుండ్రంగా కోసి, 180 డిగ్రీల్లో 25 నిమిషాలు పెడతాను.

ఇదంతా మా నాన్నగారి కోసం. ఆయన పళ్లు ఇప్పుడు అంత గట్టిగా లేవు, సాయంత్రం టీతో మెత్తగా ఏదైనా ఉంటే ఇష్టంగా తింటారు. మొన్న ఒకటి తీసుకుని టీలో చాలాసేపు నానబెట్టుకుని తిన్నారు, బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. పక్కన కూర్చుని అది చూస్తుంటే ప్రాణం ఉసూరుమంది. ఆదివారం మళ్లీ చేయాలని ఉంది. గుడ్డు వల్ల ఇలా అవుతోందా, ఓవెన్ వల్లా, లేక బేకింగ్ పౌడర్ ఇంకాస్త పెంచాలా?

వెన్నచేయి:

గుడ్డు మీద అనుమానం వదిలేయండి, అది ఉన్నా లేకపోయినా స్కోన్లు వస్తాయి. మీరు రాసినదాంట్లో నాకు మొదట కంటబడింది "నున్నగా అయ్యేదాకా ఐదారు నిమిషాలు" అన్న ముక్క. స్కోన్ పిండి నున్నగా అయిందంటే దాని పని అయిపోయినట్టే అండీ. మైదాకి తడి తగలగానే దాంట్లోని ప్రొటీన్లు ఒకదానికొకటి అల్లుకుని గ్లూటెన్ అవుతుంది, పిసికేకొద్దీ ఆ అల్లిక రబ్బరులా బిగుస్తుంది. ఈస్టు వేసి చేసే బ్రెడ్డుకి అది కావాలి, గంటల తరబడి మెల్లగా ఊరే గ్యాసుని అదే పట్టి ఉంచుతుంది కాబట్టి. స్కోన్‌లో అంత టైం ఎక్కడిది, ఓవెన్‌లో ఉన్న ఆ పావుగంటలోనే గ్యాసు పుట్టాలి, పొంగాలి, నిలబడాలి. బిగుసుకుపోయిన పిండిని ఆ కాస్త గ్యాసు ఎత్తలేదు.

ఇక వేళ్లకి అంటుకోవడం సంగతి. అంటుకోవాలి. ఆ బంక చూసి భయపడి మీరు చల్లే గుప్పెడు మైదానే సగం కొంప ముంచుతోంది. పిండిలో ఉన్న తడే ఓవెన్‌లో ఆవిరై దాన్ని పైకి లేపుతుంది, లోపల మెత్తదనం కూడా ఆ తడి వల్లే. దానికి తోడు మీరు కప్పులతో కొలుస్తున్నారు. కప్పుని డబ్బాలోకి దించి నొక్కి తీస్తే 150 గ్రాములు దాటొచ్చు, చెంచాతో వదులుగా నింపితే 120 దగ్గరే ఆగిపోతుంది. రెండు కప్పులకి 60 గ్రాముల తేడా వచ్చిందంటే పాలు ఎన్ని పోసినా లెక్క కుదరదు. చిన్న తూకం మెషిన్ ఒకటి కొనుక్కోండి, బేకింగ్‌లో దానంత పనికొచ్చే వస్తువు నాకు ఇంకోటి తెలీదు.

వెన్న బయట పెట్టడం కేకు అలవాటు. కేకులో మెత్తటి వెన్నని పంచదారతో గిలకొట్టి గాలి ఎక్కిస్తాం కాబట్టి అక్కడ సరిపోతుంది. ఇక్కడ వెన్న చల్లగా, గట్టిగా ఉండగానే పిండిలో చిన్న చిన్న తునకలుగా దాక్కోవాలి. ఓవెన్‌లో ఆ తునక కరిగినప్పుడు అది ఉన్న చోట ఖాళీ మిగులుతుంది, వెన్నలో ఇంచుమించు ఆరో వంతు నీరే కాబట్టి అది ఆవిరై ఆ ఖాళీని ఉబ్బిస్తుంది. గుల్లగా రావడం అంటే అదే. ముందే మెత్తబడిన వెన్న పిండి అంతటా పట్టేస్తుంది, పొరలు ఉండవు, వేడి తగలగానే పక్కలకి జారిపోతుంది. మీకు జరుగుతున్నది ఇదే. అరచేతి వేడికి కూడా వెన్న కరుగుతుంది, అందుకే వేళ్ల కొసలతోనే నలపాలి, అదీ గబగబా. నేనైతే వెన్నని అరగంట ఫ్రీజర్‌లో పెట్టి, తురుముపీట పెద్ద కన్నాలున్న వైపు తురిమి, పిండిలో వేసి రెండు వేళ్లతో విదిలిస్తాను. అక్కడక్కడా బియ్యపు గింజంత ముక్కలు కనిపిస్తూ ఉండాలి. అవి కూడా నలిగిపోవాలని పంతం పట్టొద్దు.

180 డిగ్రీలు కూడా తక్కువే. ఆ వేడికి పిండి గట్టిపడేలోపే వెన్న కరిగి కారిపోతుంది, పైగా 25 నిమిషాలు ఉంచేసరికి లోపలి తడి మొత్తం ఎండిపోతుంది. 220 పెట్టండి, ఫ్యాన్ ఉన్న ఓవెన్ అయితే 200. 12 నుంచి 15 నిమిషాలు చాలు. ఓవెన్ మాత్రం కనీసం పావుగంట ముందే ఆన్ చేసి ఉండాలి, లోపల పెట్టగానే వేడి ఒక్కసారి తగలాలి.

నేను చేసే లెక్క ఇదీ. మైదా 250 గ్రాములు, బేకింగ్ పౌడర్ 3 టీ చెంచాలు తల కొట్టి, ఉప్పు పావు చెంచా, పంచదార 40 గ్రాములు, చల్లటి వెన్న 60 గ్రాములు, పండ్లు 80 నుంచి 100 గ్రాములు. ఒక గుడ్డు కొట్టి దానికి పాలు కలిపి మొత్తం 160 మి.లీ. చేసుకోండి, దాంట్లోంచి ఒక చెంచాడు పైన పూయడానికి పక్కన పెట్టండి. తడి మొత్తం ఒకేసారి పోసి మొండి చాకుతో గీతలు గీసినట్టు కలపండి, చెయ్యి పెట్టొద్దు. పది పన్నెండు సార్లు తిప్పేసరికి ముద్దలు ముద్దలుగా, అందంచందం లేకుండా, అడుగున కాస్త పొడి పిండి మిగిలి ఉంటుంది. అక్కడే ఆపేయండి. దాన్ని పిండి చల్లిన బల్ల మీదకి వంపి, చేతులకి కూడా పిండి రాసుకుని, మెల్లగా దగ్గరికి తీసి పుస్తకం మూసినట్టు సగానికి మడవండి. తిప్పి ఇంకోసారి మడవండి. ఆ రెండు మూడు మడతల్లోనే అది కలిసిపోతుంది, పొరలూ ఏర్పడతాయి. కర్ర అక్కర్లేదు, అరచేత్తో తట్టి మూడు సెంటీమీటర్ల మందం ఉండగానే కోయండి. సన్నగా ఒత్తిన స్కోన్ ఓవెన్‌లోకి వెళ్లాక ఎంత పొంగినా సన్నగానే ఉంటుంది.

బేకింగ్ పౌడర్ డబ్బా తెరిచి ఎన్నాళ్లయిందో రాయలేదు మీరు. అర చెంచా పౌడర్ మీద కొంచెం వేడినీళ్లు పోసి చూడండి. బుసబుసా నురగ లేస్తే పనికొస్తుంది.

గుప్పెడు పండ్లు:

పైన చెప్పినవన్నీ నిజమే, పండ్ల గురించి నాకు తెలిసింది నేను చెప్తాను. స్కోన్లలో నాకు ఎక్కువ ఇష్టమైన భాగం అదే, చాలామంది ఆఖర్న విసిరేసి ఊరుకునేదీ అదే.

ఎండుద్రాక్షలు డబ్బాలోంచి తీసి అలాగే వేస్తే అవి ఊరుకోవు, చుట్టూ ఉన్న పిండిలోంచి తడి లాక్కుంటాయి. చల్లారాక స్కోన్‌ని రెండుగా విడదీసి చూడండి, ద్రాక్ష పక్కనున్న పిండి మిగతాదానికంటే పొడిగా తగులుతుంది. అందుకే ముందు వేడినీళ్లలో పావుగంట నానబెట్టాలి, లేదా వేడి టీలో, నాకైతే టీలో నానబెట్టినవే రుచి. బొద్దుగా ఉబ్బాక నీళ్లు వంపేసి బట్ట మీద పరిచి బాగా ఒత్తి ఆరనివ్వాలి. ఈ ఒత్తడం మర్చిపోతే ఆ నీళ్లన్నీ పిండిలోకి దిగి మళ్లీ పలచనవుతుంది, మళ్లీ మైదా చల్లాలనిపిస్తుంది, మళ్లీ మొదటికొస్తారు.

పండ్లు వేయాల్సింది వెన్న కలిపిన తర్వాత, పాలు పోయకముందు. పొడి పిండిలో వేసి చేత్తో కలిపితే ఒక్కో ద్రాక్షకి పిండి పట్టి విడివిడిగా ఉంటాయి. తడి ముద్దలో వేస్తే అవి అంతటా సర్దుకునే వరకు పిసకాల్సి వస్తుంది, మీరు ఎక్కువ పిసకడానికి ఇదీ ఒక కారణం అయ్యుండొచ్చు. కోసి ట్రేలో పెట్టాక పైకి పొడుచుకొచ్చిన ద్రాక్షల్ని వేలితో లోపలికి నొక్కేయండి, లేదంటే గిల్లి తీసి అడుగున గుచ్చేయండి. మీ చేదు గొడవ దాంతో వదిలిపోతుంది, పండులోని చక్కెర నేరుగా వేడి తగిలి మాడడం వల్లే ఆ చేదు.

ఎండు ఆప్రికాట్, ఖర్జూరం లాంటివి వేసేటప్పుడు ద్రాక్ష సైజుకి కత్తిరించుకోండి. పెద్ద ముక్క ఉన్న చోట కోసేటప్పుడు కట్టర్ దానికి తగిలి అంచు చిరిగిపోతుంది, ఆ పక్క సరిగ్గా లేవదు. నారింజ తొక్క తురుము వేస్తే ముందుగా దాన్ని పంచదారలో వేసి వేళ్లతో నలపండి, తొక్కలో ఉన్న నూనె పంచదారకి పట్టి వాసన ఇల్లంతా కమ్ముకుంటుంది.

తాజా పండ్ల జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. స్ట్రాబెర్రీ ముక్కలు నీళ్లు వదిలి మధ్యలో పచ్చిగా ఉంచేస్తాయి. బ్లూబెర్రీలు వేయాలనిపిస్తే ఫ్రీజర్‌లోంచి తీసి, కరగనివ్వకుండా వేయండి. నేను ఒకసారి కరిగాక వేశాను, అదీ వంటసోడా ఎక్కువైన పిండిలో. ముద్దంతా ఊదా రంగు, బేక్ అయ్యాక పండు చుట్టూ ఆకుపచ్చ మరకలు. బూజు పట్టిందేమోనని ఇంట్లో ఎవరూ ముట్టుకోలేదు. ఆ పండులోని రంగుకి పులుపు తగిలితే ఎర్రబడుతుంది, సోడా లాంటి క్షారం తగిలితే నీలంగా, ఆకుపచ్చగా మారుతుంది, అంతకు మించి ఏం లేదు. కానీ చూడ్డానికి మాత్రం భయంగానే ఉంటుంది.

మజ్జిగ గ్లాసు:

నాకు ఒక్క విషయంలో వేరే అభిప్రాయం ఉంది. గుడ్డు, పాల బదులు చిక్కటి మజ్జిగ వాడి చూడండి. మజ్జిగ పులుపుకి గ్లూటెన్ కాస్త మెత్తబడుతుంది, లోపలి భాగం దూదిలా వస్తుంది. పై లెక్కకి 160 మి.లీ. మజ్జిగ, బేకింగ్ పౌడర్ 3 చెంచాల బదులు 2, దానికి పావు చెంచా వంటసోడా. సోడా అంతకు మించి వేయొద్దు. బేకింగ్ పౌడర్ కంటే అది మూడు నాలుగు రెట్లు ఘాటు, పులుపుతో కలిసి ఖర్చైపోగా మిగిలిన సోడా సబ్బు రుచి ఇస్తుంది. మజ్జిగ లేకపోతే ఒక కప్పు పాలలో ఒక టేబుల్ స్పూన్ నిమ్మరసం పిండి పది నిమిషాలు ఆగితే సరి. గుడ్డు లేదు కాబట్టి పైన పాలో, మీగడో పూయండి.

మజ్జిగలో సోడా కలిపి పొంగించడం బేకింగ్ పౌడర్ రాకముందు నుంచీ ఉన్న పద్ధతే. అసలు స్కాట్లాండులో మొదట్లో స్కోన్ అంటే పెనం మీద కాల్చే బల్లపరుపు రొట్టె. ఇంగ్లండులో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ తన భార్యకి ఈస్టు పడదని 1843లో బేకింగ్ పౌడర్ తయారు చేశాడు. ఇప్పుడు మనం చూసే ఎత్తు స్కోన్లు ఆ తర్వాతి కాలానివి.

ఇంకోటి, కలిపాక ఆలస్యం చేయకుండా వెంటనే ఓవెన్‌లో పెట్టండి. ఫ్రిజ్‌లో పెట్టమని చాలాచోట్ల రాస్తారు గానీ ఈలోపు గ్యాసంతా పోతుంది.

వెన్నచేయి:

మజ్జిగ, సోడా వాడితే మీరన్నది నూటికి నూరు పాళ్లు నిజం, అవి కలిసిన క్షణం నుంచే గ్యాసు వస్తుంది కాబట్టి ఆగకూడదు. బేకింగ్ పౌడర్ సంగతి వేరండీ. ఇళ్లలో వాడేది చాలావరకు రెండు విడతలుగా పనిచేసే రకమే, తడి తగిలినప్పుడు కొంత, వేడి తగిలినప్పుడు మిగతాది. అది వేసిన పిండిని కోశాక 20 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టినా నష్టం లేదు, చేతి వేడికి మెత్తబడిన వెన్న మళ్లీ గట్టిపడుతుంది, గ్లూటెన్ కూడా కాస్త సడలుతుంది. నేను రెండు రకాలుగానూ చాలాసార్లు చేశాను, ఫ్రిజ్‌లో పెట్టినవే తిన్నగా లేచాయి. వంటగది వేడిగా ఉంటే మాత్రం ఆ 20 నిమిషాలు వదలొద్దు.

ఉదయపు టీ:

ఇంత ఓపిగ్గా చెప్పారు, మీ అందరికీ చాలా థాంక్స్. బేకింగ్ పౌడర్ మీద వేడినీళ్లు పోశాను. నాలుగు బుడగలు వచ్చాయి, అంతే. డబ్బా మీద తేదీ ఇంకా ఉంది, కానీ మూత సరిగ్గా పట్టదు, పైగా స్టవ్ పక్క షెల్ఫులోనే ఉంటుంది. ఇన్నాళ్లూ చచ్చిన పౌడరే వాడుతున్నానన్నమాట. కొత్తది తెచ్చాను.

ఒకటే టెన్షన్. మా ఓవెన్ చిన్నది, పైన వేడెక్కే కడ్డీ బాగా దగ్గర. 220 పెడితే పైన మాడి లోపల పచ్చిగా ఉండిపోతాయేమో?

గుప్పెడు పండ్లు:

నాదీ చిన్న ఓవెనే. ట్రేని మధ్య అరలో కాకుండా దానికి ఒక మెట్టు కింద పెట్టండి, పొంగాక కడ్డీకి ఎంత దూరం ఉంటుందో ముందే కంటితో అంచనా వేసుకోండి. పదో నిమిషంలో చూసి పైన రంగు తిరిగిపోతే అల్యూమినియం ఫాయిల్ ఒకటి వదులుగా కప్పేయండి. అంతకు ముందు మాత్రం తలుపు తీయొద్దు, చిన్న ఓవెన్‌లో తలుపు తీశామంటే వేడంతా ఒక్కసారి బయటికి పోతుంది. ఓవెన్ బిళ్ల మీద 220 అని ఉన్నంత మాత్రాన లోపల అంత ఉందని కూడా నమ్మొద్దు. నా దాంట్లో థర్మామీటరు పెడితే 20 డిగ్రీలు తక్కువ చూపించింది, అప్పటిదాకా నేనూ పాలిపోయిన స్కోన్లే తిన్నాను.

స్కోన్లని ట్రేలో దూరదూరంగా పెట్టకండి. వేలు పట్టేంత సందు చాలు. పక్కపక్కన ఉంటే ఒకదానికొకటి ఆసరాగా పైకి లేస్తాయి.

ఉదయపు టీ:

ఆదివారం చేశాను. ఇప్పుడే తిని వచ్చి రాస్తున్నాను, కాస్త పొడుగైతే ఏమనుకోకండి.

వెన్న తురిమి వేశాను, ద్రాక్షలు టీలో నానబెట్టి ఆరబెట్టాను. పాలూ గుడ్డూ పోసి చాకుతో కలిపాక గిన్నెలో ఉన్నదాన్ని చూసి గుండె జారిపోయింది, చిందరవందరగా, సగం తడి, సగం పొడి. చెయ్యి మైదా డబ్బా దాకా వెళ్లి ఆగింది. ఏదైతే అదైందని బల్ల మీదకి వంపి మడిచాను. మొదటి మడతకి అంచులు చిట్లాయి, రెండో మడతకి దగ్గరికొచ్చింది, మూడో మడత వేశాక తట్టి చూస్తే కింద మెత్తగా, పైన చల్లగా, మధ్యలో వెన్న మచ్చలు పసుపుగా కనిపిస్తున్నాయి. నాలుగు సార్లు చేసిన పిండిలో అవి నాకు ఒక్కసారి కూడా కనబడలేదు. 20 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి, ఓవెన్ బాగా కాగాక లోపల పెట్టి గాజు తలుపు ముందే కూర్చున్నాను. ఐదో నిమిషానికి కదలిక మొదలైంది. ఎనిమిదో నిమిషానికి నడుము దగ్గర అడ్డంగా పగిలి, ఆ పగులు దగ్గర నుంచి పై సగం లేచింది. నాలుగున్నర సెంటీమీటర్లు వచ్చాయి, స్కేలు పెట్టి కొలిచాను. చాకు లేకుండానే ఆ పగులు దగ్గర చేత్తో రెండుగా విడిపోతున్నాయి, లోపల పొరలు పొరలుగా ఉంది. నాన్నగారు వెన్న రాసుకుని తిన్నారు, టీ పక్కనే చల్లారిపోయింది.

రెండు సందేహాలు మిగిలాయి. ఎనిమిదిట్లో ఐదు ఒక పక్కకి ఒరిగిపోయాయి, టోపీ వంకరగా పెట్టుకున్నట్టు. ఇంకోటి, సాయంత్రానికి మిగిలిన రెండూ కొంచెం బిరుసెక్కాయి. ఇవి నిలవ ఉండవా?

వెన్నచేయి:

నాలుగున్నర సెంటీమీటర్లంటే చాలా బాగా వచ్చినట్టే అండీ, చదువుతుంటే నాకే సంతోషంగా ఉంది.

ఒరిగిపోవడం గ్లాసు వల్ల. గ్లాసు అంచు మొద్దుగా ఉంటుంది, అది కోయదు, నొక్కుతుంది, అంచు దగ్గర పొరలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోతాయి. దాంతో తెగడానికి మనం తెలియకుండానే మెలి తిప్పుతాం. ఏ పక్క అతుక్కుంటే ఆ పక్క లేవదు, రెండో పక్క లేస్తుంది, వంకర అక్కడే వస్తుంది. పల్చటి రేకు కట్టర్ దొరికితే తీసుకోండి, ప్రతిసారీ పిండిలో ముంచి, నిటారుగా ఒక్క దెబ్బకి దించి తిన్నగా పైకి తీసేయండి. కట్టర్ లేకపోతే పదునైన కత్తితో చతురస్రాలుగా కోసుకోవచ్చు, అంచుల ముక్కలు కూడా మిగలవు. మిగిలిన ముక్కల్ని కూడదీసి మళ్లీ కోసినవి ఎప్పుడూ కాస్త బిరుసుగానే వస్తాయి, మీ ఐదింట్లో ఒకటో రెండో అవే అయ్యుంటాయి. కోసిన స్కోన్‌ని తలకిందులుగా తిప్పి ట్రేలో పెట్టండి, అడుగు భాగం చదునుగా ఉంటుంది కాబట్టి తిన్నగా లేస్తుంది. గుడ్డు పూసేటప్పుడు పైన మాత్రమే పూయాలి, పక్కలకి కారితే అది కాలి జిగురులా అతుక్కుని అక్కడా లేవనివ్వదు.

నిలవ సంగతంటారా, స్కోన్ ఆ పూటకే. మెత్తగా కావాలంటే ఓవెన్‌లోంచి తీయగానే శుభ్రమైన బట్ట కప్పి చల్లార్చండి, ఆవిరికి పైపొర మెత్తబడుతుంది, నాన్నగారికి అదే బాగుంటుంది. మిగిలినవి మర్నాడు 160 డిగ్రీల్లో ఐదు నిమిషాలు వేడి చేస్తే మళ్లీ బాగుంటాయి. మైక్రోవేవ్‌లో పెడితే ఒక్క నిమిషం మెత్తగా ఉండి తర్వాత తోలులా సాగుతాయి.

మజ్జిగ గ్లాసు:

బేకింగ్ పౌడర్‌తో చేసినవైతే ఎనిమిదీ ఒకేసారి బేక్ చేయాల్సిన పని లేదు. కోసినవి పచ్చిగానే ట్రేలో విడివిడిగా ఫ్రీజర్‌లో పెట్టి, రాయిలా గట్టిపడ్డాక గాలి చొరని సంచిలో వేసుకోండి, నెల రోజులు బాగుంటాయి. సాయంత్రం టీ వేళకి రెండు తీసి, కరగనివ్వకుండా పైన పాలు పూసి అదే 220లో పెట్టండి. మామూలు కంటే నాలుగైదు నిమిషాలు ఎక్కువ పడుతుంది. నా మజ్జిగ రకాన్ని ఇలా దాచలేం, ఈ ఒక్క విషయంలో మీ పద్ధతే మేలు.

ఉదయపు టీ:

ఇది నాకు బాగా పనికొస్తుంది, ఇంట్లో ఉండేది మేం ముగ్గురమే. రేకు కట్టర్ ఎన్ని సెంటీమీటర్లది తీసుకోమంటారు?

వెన్నచేయి:

ఆరు. 250 గ్రాముల మైదాకి ఏడెనిమిది వస్తాయి. ఐదుదైతే పది దాకా వస్తాయి, రెండు నిమిషాలు ముందే తీసేయాలి.